8 గంటల నాటకం, 8 ట్రాకులు: పెద్ద ఆడియో ప్రాజెక్ట్ ఎందుకు క్రాష్ అవుతుంది, ఎలా కాపాడుకోవాలి?

మూడు నిమిషాల పాట ఎడిట్ చేసేటప్పుడు ఒక్కసారి కూడా మొరాయించని సాఫ్ట్‌వేర్, ఎనిమిది గంటల రికార్డింగ్ వేయగానే ఎందుకు కుప్పకూలుతుంది? ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట ఒకటే: "ర్యామ్ తక్కువ బ్రో, 16 జీబీ వేయించు." ఈ సలహా విని డబ్బులు పెట్టి ర్యామ్ వేయించుకుని, మళ్లీ అదే చోట క్రాష్ చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని ప్రాజెక్టులకు ర్యామ్ నిజంగానే కారణం. కానీ గంటల తరబడి సాగే రికార్డింగుల విషయంలో నేను ముందు చూసేది ర్యామ్ కాదు, డిస్క్. ఎందుకో ఒక నిజమైన ప్రాజెక్ట్ లెక్కలతోనే చూద్దాం.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డులో వస్తుంది. మా వైపు జాతర అంటే రాత్రికి పౌరాణిక నాటకం ఉండాల్సిందే, అందులోనూ ఎక్కువగా కురుక్షేత్రం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలే దానికి ప్రాణం. రాత్రి 9కి మొదలైతే తెల్లవారుజామున 5 దాకా నడుస్తుంది. పద్యం బాగా పాడితే జనం వన్స్‌మోర్ అంటారు కాబట్టి ఇంకా సాగినా సాగుతుంది. మా ఊళ్లో మైక్‌సెట్ నడిపే తమ్ముడు ఒకడున్నాడు. పోయిన ఏడాది జాతరకు వాడు మిక్సర్ నుంచి 8 ట్రాకులు విడివిడిగా రికార్డ్ చేశాడు. పైన వేలాడదీసిన మైకులు నాలుగు, పక్కన వంత పాడేవాళ్లకు ఒకటి, తబలాకు ఒకటి, హార్మోనియానికి ఒకటి, జనం గోల కోసం ఒకటి.

ఆ హార్మోనియం వాయించిన పెద్దాయనను ఊరంతా తాత అనే పిలుస్తాం. నాటకం అయిన నెలకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లేవడం లేదు. అంటే ఆ ట్రాక్ మళ్లీ రికార్డ్ చేసేది కాదు. తమ్ముడు నాకు బెంగళూరుకు ఫోన్ చేసింది అందుకే. "అన్నా, మళ్లా పోయింది. ఈసారి కూడా ఐదో ట్రాక్ కాడే. ఆ ట్రాకే చెడిపోయినట్టుంది, తీసేసి మిగతావి చేసుకోనా?" ఐదో ట్రాక్ ఏంటని అడిగితే హార్మోనియం అన్నాడు. "ఏదీ తీసెయ్యద్దు, ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఎంత ఖాళీ ఉందో చెప్పు" అన్నాను.

ఇక్కడి నుంచి లెక్కలు.

ముందు సైజు తెలుసుకోండి

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. అంటే ఒక ట్రాక్‌కు సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు 3 బైట్లు. సెకనుకు 1,44,000 బైట్లు. 8 గంటలంటే 28,800 సెకన్లు. గుణిస్తే ఒక ట్రాక్ 4.15 జీబీ, ఎనిమిదీ కలిపి 33 జీబీ. ఇది కార్డులో ఉన్న సైజు.

ఆడాసిటీ లాంటి ఎడిటర్‌లో దీన్ని ఇంపోర్ట్ చేస్తే 33 జీబీ దగ్గర ఆగదు. డిఫాల్ట్‌గా శాంపిళ్లు 32 బిట్ ఫ్లోట్‌లోకి మారతాయి, అంటే ఒక్కోటి 4 బైట్లు. అప్పుడు ట్రాక్‌కు 5.53 జీబీ, మొత్తం 44 జీబీ పైన. ఇంకా మనం ఏ ఎడిటూ మొదలుపెట్టలేదు!

ఇప్పుడు ఎనిమిది ట్రాకులూ సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్ వేశారనుకోండి. ప్రతి శాంపిల్ మారుతుంది కాబట్టి కొత్తగా ఇంకో 44 జీబీ రాయాలి. పాత 44 జీబీ పోతుందా? పోదు. మీరు కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి రావాలి కదా, అందుకని అది అలాగే ఉంటుంది. మొత్తం 88.5 జీబీ. తర్వాత కంప్రెసర్ వేస్తే ఇంకో 44 కావాలి, మొత్తం దాదాపు 133 జీబీ.

తమ్ముడి ల్యాప్‌టాప్ 256 జీబీ ఎస్ఎస్‌డీ. ఇంపోర్ట్ చేసే ముందు ఖాళీ దాదాపు 115 జీబీ. మొదటి ఎఫెక్ట్ హాయిగా అయిపోయింది. రెండో ఎఫెక్ట్‌కు మిగిలింది 26.5 జీబీ. కావాల్సింది 44. అంటే 60 శాతం దగ్గర డిస్క్ నిండిపోతుంది. ఎనిమిది ట్రాకుల్లో 60 శాతం అంటే 4.8. నాలుగు ట్రాకులు పూర్తయ్యి, ఐదోది నడుస్తుండగా అన్నమాట. హార్మోనియం ట్రాక్‌లో ఏ లోపమూ లేదు. వరసలో అది ఐదోదిగా ఉంది, అంతే. దాన్ని మొదటి ట్రాక్‌గా మార్చి ఉంటే తబలా మీద నింద పడేది.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. కట్ చేయడం, జరపడం లాంటివి ఎన్ని చేసినా డిస్క్ పెద్దగా పెరగదు. ఎందుకంటే ఆడియో డేటా చిన్న చిన్న బ్లాకులుగా ఉంటుంది, కట్ చేసినప్పుడు ఏ బ్లాక్ తర్వాత ఏది అన్న జాబితా మాత్రమే మారుతుంది. అంచుల్లో ఉన్న ఒకటి రెండు బ్లాకులు మాత్రం కొత్తగా రాస్తుంది. ఎఫెక్ట్ వేస్తేనే అన్ని బ్లాకులూ కొత్తగా పుడతాయి. అందుకే "గంటసేపు ఎడిట్ చేసినా ఏం కాలేదు, ఒక్క ఎఫెక్ట్ వేయగానే పోయింది" అని చాలామంది అంటుంటారు.

ప్రాజెక్ట్ ఎక్కడ రాస్తోంది?

"నా ప్రాజెక్ట్ డీ డ్రైవ్‌లో పెడతాలే, సీ నిండితే నాకేంటి" అనుకోవద్దు. మీరు ఒక్కసారి కూడా సేవ్ చేయకపోతే ఆ డేటా మొత్తం టెంపరరీ ఫోల్డర్‌లో ఉంటుంది, అది సాధారణంగా సీ డ్రైవ్‌లోనే. కాబట్టి ఇంపోర్ట్ చేయడానికి ముందే ఖాళీ ప్రాజెక్ట్‌ను పెద్ద డ్రైవ్‌లో సేవ్ చేయండి. ఆ తర్వాతే ఫైళ్లు లాగండి. ప్రిఫరెన్సెస్‌లో డైరెక్టరీస్ దగ్గర టెంపరరీ ఫైళ్ల చోటును కూడా మార్చుకోవచ్చు.

అయితే ఆ పెద్ద డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూడాలి. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు కొన్ని ఫ్యాట్32లో వస్తాయి. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఆడాసిటీ 3.0 నుంచి, అంటే 2021 మార్చి నుంచి, ప్రాజెక్ట్ మొత్తం ఒకే ఫైల్. మన ప్రాజెక్ట్ 44 జీబీ. ఇంక చెప్పేదేముంది! డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ చూడండి. విండోస్ అయితే ఎన్‌టీఎఫ్ఎస్ ఉండాలి. మార్చాలంటే ఫార్మాట్ చేయాలి, అప్పుడు అందులో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ తీసుకోండి.

విండోస్ 11లో ఇంకో చిక్కు. డాక్యుమెంట్స్ ఫోల్డర్ చాలామందికి తెలియకుండానే వన్‌డ్రైవ్‌కు సింక్ అవుతుంటుంది. ప్రతి సెకనూ మారే 44 జీబీ ఫైల్‌ను క్లౌడ్‌కు ఎక్కించడానికి అది ప్రయత్నిస్తుంటే, ఇటు ఎడిటర్ అదే ఫైల్‌లో రాయడానికి చూస్తుంటుంది. ఎడిట్ చేసే ప్రాజెక్ట్‌ను సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టకండి. విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉంటే అది కూడా ఎడిటర్‌ను రాయనివ్వకుండా ఆపవచ్చు.

ఆ పక్క ఫైళ్లను డిలీట్ చేయకండి

ఇది నాకు చాలా ఇష్టమైన టాపిక్, కాస్త ఓపిక పట్టండి.

ఆడాసిటీ కొత్త ప్రాజెక్ట్ ఫైల్ లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాంటాక్టులు, వాట్సాప్ మెసేజీలు దాచేది కూడా ఎస్‌క్యూలైటే. పాత వెర్షన్లలో వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో ఉండేవి. ఎవరో ఆ ఫోల్డర్ పేరు మార్చితే ప్రాజెక్ట్ అనాథ అయ్యేది. ఇప్పుడు ఆ బాధ లేదు.

ఈ డేటాబేస్ మీ మార్పుల్ని నేరుగా అసలు ఫైల్‌లో రాయదు. ముందు పక్కన ఒక చిత్తు పుస్తకంలో రాసుకుంటుంది. కిరాణా కొట్టులో రోజంతా చిత్తులో రాసి, తీరిక దొరికినప్పుడు ఖాతాలోకి ఎక్కించినట్టు. ఆ చిత్తు ఫైల్ పేరు ప్రాజెక్ట్ పేరుతోనే మొదలై చివర వాల్ అని ఉంటుంది, దాని పక్కనే ఎస్‌హెచ్ఎం అని ఇంకో చిన్నది. ప్రాజెక్ట్ మామూలుగా క్లోజ్ చేస్తే చిత్తులోది ఖాతాలోకి ఎక్కి ఈ రెండూ మాయమవుతాయి. మధ్యలో కరెంట్ పోతే మిగిలిపోతాయి.

చాలామంది క్రాష్ అయ్యాక ఫోల్డర్ తెరిచి, "ఇదేదో చెత్త" అని వాల్ ఫైల్‌ను డిలీట్ చేస్తారు. లేదా అసలు ఫైల్‌ను మాత్రమే పెన్‌డ్రైవ్‌లో వేసి ఫ్రెండ్‌కు పంపుతారు. అలా చేస్తే ఖాతాకు ఎక్కని మార్పులన్నీ పోతాయి, ఒక్కోసారి ప్రాజెక్టే తెరుచుకోదు. కాబట్టి క్రాష్ తర్వాత మొదటి పని మళ్లీ తెరవడం కాదు. ఆ మూడు ఫైళ్లనూ కలిపి ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాత ఎడిటర్ తెరిస్తే రికవరీ చేయనా అని అదే అడుగుతుంది. కాపీ ఉంది కాబట్టి నిశ్చింతగా అవును అనొచ్చు.

ముదిగుబ్బలో ఎండాకాలం మధ్యాహ్నం కరెంట్ ఎప్పుడు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచే పాత ల్యాప్‌టాప్‌లో ఇలాంటి పని చేయాలంటే ముందు ఒక యూపీఎస్ అరువు తెచ్చుకోండి. ర్యామ్ కంటే అది చౌక.

అది నిజంగా క్రాషేనా?

విండో తెల్లబడి పైన నాట్ రెస్పాండింగ్ అని వస్తే వెంటనే టాస్క్ మేనేజర్‌లో చంపేస్తాం. ఆగండి. మన ప్రాజెక్ట్‌లో ఒక ఎఫెక్ట్ అంటే 44 జీబీ చదవాలి, 44 జీబీ రాయాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ ఇస్తుందనుకుంటే చదవడం, రాయడం మాత్రమే దాదాపు 15 నిమిషాలు. ప్రాసెసర్ పని దానికి అదనం. టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రోగ్రామ్ ఎదురుగా డిస్క్ అంకెలు కదులుతుంటే అది బతికే ఉంది. డిస్క్, సీపీయూ రెండూ చాలాసేపు సున్నా దగ్గరే ఉంటే అప్పుడు అనుమానించాలి.

నిజంగానే మాయమైతే, విండోస్ దగ్గర దాని చిట్టా ఉంటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. ఏ రోజు ఏ ప్రోగ్రామ్ పడిపోయిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. ఇంకా లోతుగా కావాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్. ఈవెంట్ నంబర్ 1000 అయితే క్రాష్, 1002 అయితే హ్యాంగ్. 1000 లోపల ఫాల్టింగ్ మాడ్యూల్ అన్న వరుస చదవండి. అక్కడ ఎడిటర్ పేరు కాకుండా ఏదో ప్లగిన్ పేరుంటే దొంగ దాదాపు దొరికినట్టే. సిస్టమ్ లాగ్‌లో కెర్నల్ పవర్ 41 కనిపిస్తే ల్యాప్‌టాపే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని అర్థం. కరెంటో, వేడో, హార్డ్‌వేరో చూసుకోవాలి, ఎడిటర్‌ను తిట్టి లాభం లేదు.

తమ్ముడి విషయంలో డిస్క్ సమస్య తీరాక ఇంకో క్రాష్ మిగిలింది. ప్రాజెక్ట్‌ను 1 టీబీ హార్డ్ డిస్క్‌కు మార్చాక ఎఫెక్టులన్నీ నడిచాయి గానీ, ఎక్స్‌పోర్ట్ మాత్రం మధ్యలో పోయేది. ఇలాంటిది దొరకాలంటే బీటెక్‌లో చదివిన బైనరీ సెర్చ్ చాలు. ప్రాజెక్ట్ కాపీ తీసుకుని సగం ట్రాకులు మ్యూట్ కాదు, పూర్తిగా తీసేసి ఎక్స్‌పోర్ట్ చేయాలి. పోయిందా, దోషం ఈ నాలుగింటిలోనే. పోలేదా, అవతలి నాలుగింటిలో. 8 ట్రాకులకు మూడు ప్రయత్నాలు. అలా తేలింది తబలా ట్రాక్ మీద వాడు పెట్టిన ఒక ఉచిత నాయిస్ ప్లగిన్ అని. ఈవెంట్ వ్యూయర్‌లో కూడా దాని ఫైల్ పేరే ఉంది. ప్లగిన్ తీసేశాం, ఎక్స్‌పోర్ట్ అయింది.

ప్లగిన్ ఒక్కటి పడితే మొత్తం ఎడిటర్ ఎందుకు పడుతుందంటే, మామూలుగా రెండూ ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. ఒకే స్తంభానికి కట్టిన రెండు పందిళ్లు. రీపర్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది: ప్లగిన్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్‌లో డెడికేటెడ్ ప్రాసెస్ ఎంచుకుంటే అది విడిగా నడుస్తుంది. పడితే అదొక్కటే పడుతుంది. ప్రతి ప్లగిన్‌కూ ఇలా పెడితే ల్యాప్‌టాప్ ఈసురోమంటుంది, అనుమానం ఉన్నవాటికే పెట్టండి.

క్రాష్ ప్రతిసారీ వేరే వేరే చోట, వేరే వేరే పని చేస్తుండగా వస్తోందా? డిస్క్ కూడా ఖాళీగా ఉందా? అప్పుడు ర్యామ్ చిప్‌ను పరీక్షించండి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని సెర్చ్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు. ర్యామ్ తక్కువగా ఉండటం వేరు, చెడిపోవడం వేరు. ఇక వందల శాంపిళ్ల వీణ, వయొలిన్ లైబ్రరీలు లోడ్ చేసి సంగీతం కూర్చేవాళ్లకు మాత్రం 16 జీబీ అన్న సలహా నిజంగానే పనికొస్తుంది. ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్ల కథ ఇంకోటి. యాప్ వెనక్కి వెళ్లాక మెమరీ చాలకపోతే ఆండ్రాయిడే దాన్ని మూసేస్తుంది, దాన్ని క్రాష్ అనలేం.

మరి ఇంత పెద్ద పని ఎలా చేయాలి?

నా పద్ధతి చెబుతా. 8 గంటల్ని ఒకే ప్రాజెక్ట్‌గా ఉంచను. నాటకంలో సీన్లు ఎలాగూ ఉన్నాయి కదా. పడక సీను ఒక ప్రాజెక్ట్, రాయబారం ఒకటి, యుద్ధం ఒకటి. 40 నిమిషాల సీను 8 ట్రాకులతో దాదాపు 3.7 జీబీ. దానిమీద పది ఎఫెక్టులు వేసినా 41 జీబీలోపే. పాత ల్యాప్‌టాప్ కూడా మోస్తుంది.

సీన్ మధ్యలో డిస్క్ ఇరుకైతే వ్యూ మెనూలో హిస్టరీ తెరవండి. ఏ మార్పు ఎంత చోటు తింటోందో కనిపిస్తుంది. ఇక వెనక్కి పోను అనుకున్నవాటిని అక్కడే డిస్కార్డ్ చేయొచ్చు. కానీ ఫైల్ సైజు వెంటనే తగ్గలేదని కంగారుపడకండి, ప్రాజెక్ట్ క్లోజ్ చేసినప్పుడు తగ్గుతుంది. ఆడాసిటీ 3.2 నుంచి రియల్ టైమ్ ఎఫెక్టులు వచ్చాయి. ఈక్యూ, కంప్రెసర్ లాంటివి అలా పెట్టుకుంటే వింటున్నప్పుడే లెక్క కడుతుంది, డిస్క్ మీద కొత్త కాపీ పుట్టదు.

ఇలాంటి పనులు తరచూ ఉంటే రీపర్ లాంటి నాన్ డిస్ట్రక్టివ్ ఎడిటర్ నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. వినాంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ తయారుచేసిందే అది. 60 రోజులు ఉచితంగా చూడొచ్చు. అందులో ప్రాజెక్ట్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైల్. ఏ ఆడియో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో రాసిన చీటీ లాంటిది. అసలు రికార్డింగ్‌ను ముట్టుకోదు. కానీ ఆ చీటీని మాత్రమే కాపీ చేసి ఆడియో ఫోల్డర్‌ను మరిచిపోతే అవతలివాడికి ఖాళీ ట్రాకులే కనిపిస్తాయి, అది మాత్రం జాగ్రత్త.

చివర ఎక్స్‌పోర్ట్ దగ్గర ఒక గోడ ఉంది. మామూలు వేవ్ ఫైల్‌లో సైజు రాసే గడి 32 బిట్లది, అందుకే 4 జీబీ దాటలేదు. 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ స్టీరియో అయితే 4 గంటల 8 నిమిషాలకే ఆ గోడ తగులుతుంది. 8 గంటల స్టీరియో మిక్స్‌ను ఒకే వేవ్‌గా తీస్తే ఫైల్ వచ్చినట్టే ఉంటుంది, ప్లేయర్ మాత్రం సగంలో ఆపేయొచ్చు. ఆర్ఎఫ్64 ఫార్మాట్‌కు ఈ హద్దు లేదు. లేకపోతే ఫ్లాక్‌లో తీయండి, నాణ్యత తగ్గదు, సైజు చాలా తగ్గుతుంది. యూట్యూబ్‌కు అయితే వెరిఫై చేసిన ఖాతాలో ఒక వీడియో 12 గంటల దాకా ఎక్కుతుంది కాబట్టి రాత్రంతా నాటకం ఒకే ముక్కగా పెట్టొచ్చు.

మేం మాత్రం సీన్లవారీగానే తీశాం. తాతకు మాత్రం వేరేగా, హార్మోనియం ట్రాక్ ఒక్కటే, ఏ ఎఫెక్టూ వేయకుండా, ఒక పెన్‌డ్రైవ్‌లో. ఇంట్లో టీవీకి పెట్టుకుని వింటాడట. ఆ టీవీ ఫ్లాక్ ప్లే చేయదు, అందుకని 320 కేబీపీఎస్ ఎంపీ3లో ఇచ్చాం. 8 గంటలకు 1.15 జీబీ అయింది, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో కూడా సరిపోయింది.